కొలిచేవాడిని కూడా కొలవాలి: సైకాలజీ ప్రయోగాల్లో వేరియబుల్స్, పక్షపాతం

ఇంజనీరింగ్ కాలేజీ పత్రికలో సైకాలజీ గోలేంటి అనుకుంటున్నారా? కారణం ఉంది. మన ప్రాజెక్టుల్లో చాలావాటి ఫలితం చివరికి మనిషి మీదే తేలుతుంది. యాప్ చేస్తాం, చాట్‌బాట్ చేస్తాం, చేతికి కట్టుకునే బ్యాండ్ చేస్తాం. "దీన్ని వాడితే ఏకాగ్రత పెరిగింది, స్ట్రెస్ తగ్గింది" అని చివరి స్లైడ్‌లో ఒక బార్ గ్రాఫ్ పెడతాం. వోల్టేజ్ కొలిచేటప్పుడు మల్టీమీటర్ సరిగ్గా ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకునే మనం, మనిషి మనసుని కొలిచేటప్పుడు మాత్రం పదిమంది ఫ్రెండ్స్‌కి గూగుల్ ఫామ్ పంపి ఊరుకుంటాం.

నేను ఓపెన్ ఎలెక్టివ్‌గా సైకాలజీ తీసుకున్నాను. సిలబస్ చాలావరకు పరీక్షతోపాటే వెళ్ళిపోయింది గానీ, ప్రయోగాల గురించిన యూనిట్ ఒకటి మాత్రం మనసులో దిగబడిపోయింది. ఆ యూనిట్ నుంచి నాకు అర్థమైంది ఒక్క వాక్యంలో చెప్పాలంటే ఇది: ప్రయోగం చేసేవాడు కూడా ఆ ప్రయోగంలో ఒక వేరియబులే. వాడు ఎంత నిజాయితీపరుడైనా సరే.

దీన్ని మెల్లగా విప్పుకుంటూ వెళ్దాం.

ముందు మూడు మాటలు

తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి "చరరాశి" అనే మాట గుర్తుండే ఉంటుంది. వేరియబుల్ అంటే అదే, విలువ మారే అంశం. ఉదాహరణకి మన హాస్టళ్ళలో ఎప్పటికీ తెగని వాదన ఒకటి తీసుకుందాం: పాటలు వింటూ చదివితే బాగా గుర్తుంటుందా?

ఇక్కడ మనం కావాలని మార్చేది పాట. ఒక గ్రూపుకి పాట ఉంటుంది, ఇంకో గ్రూపుకి ఉండదు. ఇది ఇండిపెండెంట్ వేరియబుల్. మనం కొలిచేది జ్ఞాపకం. 30 పదాల జాబితా ఇచ్చి, చదవమని, పది నిమిషాల తర్వాత ఎన్ని రాశారో లెక్కపెడతాం. ఇది డిపెండెంట్ వేరియబుల్. పాట లేని గ్రూపు కంట్రోల్ గ్రూపు. అది లేకపోతే, పాట విన్నవాళ్ళు 18 పదాలు రాశారన్న అంకెకి అర్థమే లేదు. దేనితో పోల్చి 18 ఎక్కువంటాం?

అసలు కథంతా మూడోదానితోనే. అది కన్‌ఫౌండింగ్ వేరియబుల్. నేను దీన్ని దొంగ వేరియబుల్ అని పిలుచుకుంటాను, ఎందుకంటే ఇది మనం మార్చే అంశం వెనకాలే చప్పుడు లేకుండా నడిచొస్తుంది. పాట గ్రూపుని ఉదయం తొమ్మిదికి, పాట లేని గ్రూపుని మధ్యాహ్నం రెండుకి కూర్చోబెట్టారనుకోండి. మెస్‌లో పప్పన్నం తిని వచ్చినవాడికి పదాలు కాదు, పక్కవాడి పేరు కూడా గుర్తుండదు. పాట గ్రూపు గెలిచింది. మరి గెలిపించింది పాటా, ఉదయమా? ఆ డేటాతో ఈ ప్రశ్నకి జవాబు ఎప్పటికీ రాదు. ఎన్ని స్టాటిస్టిక్స్ ఫార్ములాలు పెట్టినా రాదు. రెండు అంశాలు కలిసి మారాక వాటిని విడదీయడం కుదరదు.

ఆదివారం చేసిన మాయ

ఇది పుస్తకాల్లో మాత్రమే కనిపించే పొరపాటు కాదు. అమెరికాలో షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ వర్క్స్ అనే పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. టెలిఫోన్ పరికరాలు తయారు చేసేవారు. 1924 నుంచి కొన్నేళ్ళపాటు అక్కడ లైటింగ్ మీద ప్రయోగాలు చేశారు. వెలుతురు పెంచితే పని పెరుగుతుందా అన్నది ప్రశ్న. తర్వాతి కాలంలో ఇదొక పెద్ద కథ అయింది. లైటు పెంచినా పని పెరిగింది, తగ్గించినా పెరిగింది, కాబట్టి తమని ఎవరో గమనిస్తున్నారన్న స్పృహ వల్లే పని పెరిగిందని చెప్పుకున్నారు. దానికి "హాథార్న్ ఎఫెక్ట్" అని పేరు కూడా స్థిరపడింది.

చాలా ఏళ్ళ తర్వాత స్టీవెన్ లెవిట్, జాన్ లిస్ట్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు ఆ లైటింగ్ ప్రయోగాల పాత డేటాని వెతికి పట్టుకుని, 2011లో తమ విశ్లేషణ ప్రచురించారు. అందులో తేలిన ఒక విషయం చూడండి. లైట్లు మార్చేది ఆదివారం, ఫ్యాక్టరీ మూసి ఉన్నప్పుడు. సోమవారం పని చూస్తే శనివారం కంటే ఎక్కువగా కనిపించేది. కానీ లైట్లు ముట్టుకోని వారాల్లో కూడా సోమవారం పని ఎక్కువే! అంటే లైటు మార్పు వెనకాల వారం రోజు దాక్కుని ఉంది. ఇన్నాళ్ళు చెప్పుకున్నంత పెద్ద ప్రభావం ఆ డేటాలో వాళ్ళకి కనిపించలేదు. దొంగ వేరియబుల్ అంటే ఇదే. ఎవరూ అబద్ధం చెప్పలేదు. క్యాలెండర్ చెప్పింది.

పట్టుకోగలిగితే పట్టుకో, లేకపోతే చీటీలు వెయ్

ఫిజిక్స్ ల్యాబ్‌లో ఓమ్స్ లా చేసేటప్పుడు తీగ వేడెక్కకుండా చూసుకుంటాం. ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటే చాలు. మనుషులతో అంత సులువు కాదు. రాత్రి ఎన్ని గంటలకి పడుకున్నాడు, టీ తాగాడా, ఇంటి నుంచి ఫోన్ వచ్చిందా, రేపు మిడ్ ఎగ్జామ్ ఉందా, అసలు వాడికి ఆ పదాలున్న భాష ఎంత వచ్చు... జాబితాకి అంతు లేదు.

అందుకే రెండు పద్ధతులు కలిపి వాడతారు. మన చేతిలో ఉన్నవాటిని అందరికీ ఒకేలా ఉంచడం మొదటిది. అదే గది, అదే సమయం, అవే సూచనలు. అదీ నోటితో చెప్పకుండా కాగితం మీద రాసినవి. రెండోది, చేతిలో లేనివాటి కోసం ఎవరు ఏ గ్రూపులోకి వెళ్ళాలో లాటరీకి వదిలేయడం. దీన్నే ర్యాండమ్ అసైన్‌మెంట్ అంటారు. నిద్ర తక్కువైనవాళ్ళు, టీ తాగినవాళ్ళు, దిగులుగా ఉన్నవాళ్ళు రెండు గ్రూపుల్లోకీ ఇంచుమించు సమానంగా చెదిరిపోతారు. మనకి తెలియని అంశాలు కూడా చెదిరిపోతాయి. ఈ పద్ధతికున్న గొప్పతనం అదే. అయితే మనుషుల సంఖ్య చాలకపోతే ఈ చెదరడం సరిగ్గా జరగదు. ఎనిమిది మందిని రెండుగా విడగొట్టి "ర్యాండమైజ్ చేశాం" అంటే లాభం లేదు.

"ర్యాండమ్" అంటే "ఏదో ఒకలా" అని కాదు. క్లాసులో మొదటి 30 రోల్ నంబర్లు ఒక గ్రూపు, మిగతా 30 ఇంకో గ్రూపు అని చేస్తే? డిప్లొమా పూర్తి చేసి ఈసెట్ రాసి సెకండియర్‌లో చేరిన లాటరల్ ఎంట్రీ వాళ్ళు మనలాంటి కాలేజీల్లో రోల్ లిస్టు చివర్లో ఉంటారు. అంటే ఒక గ్రూపంతా ఇంటర్ వాళ్ళు, రెండో గ్రూపులో డిప్లొమా వాళ్ళు. దొంగ దర్జాగా లోపలికొచ్చాడు. "ఎవరికి పాటలు కావాలో వాళ్ళు ఇటు రండి" అనడం ఇంకా ఘోరం. చీటీలు వేయండి, లేదా పైథాన్‌లో ఒక్క లైన్‌తో లిస్టుని షఫుల్ చేయండి. అంతే.

ఇంకో మార్గం ఒకే మనిషిని రెండు పరిస్థితుల్లోనూ పరీక్షించడం. వాడి తెలివి, వాడి భాష రెండుసార్లూ ఒకటే కాబట్టి చాలా గొడవ తప్పుతుంది. కానీ రెండోసారికి వాడు అలసిపోయి ఉండొచ్చు, లేదా అలవాటు పడి ఉండొచ్చు. అందుకని సగం మందికి ముందు పాట, తర్వాత నిశ్శబ్దం. మిగతా సగం మందికి ముందు నిశ్శబ్దం, తర్వాత పాట. పదాల జాబితాలు కూడా రెండు చేసి, అవీ ఇలాగే అటూ ఇటూ మార్చాలి. దీన్ని కౌంటర్‌బ్యాలెన్సింగ్ అంటారు.

ఇక్కడిదాకా ఇంజనీర్లకి కష్టమేమీ కాదు. అసలు కష్టం ఇప్పుడే మొదలవుతుంది.

లెక్కలు వచ్చిన గుర్రం

బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉండేవాడు. ఆయన గుర్రం పేరు హాన్స్. కూడికలు, భిన్నాలు, తేదీలు, ఏదడిగినా డెక్కతో నేల మీద కొట్టి జవాబు చెప్పేది. ఆయన దాన్ని చూపించి డబ్బు తీసుకోలేదు. 1904లో కార్ల్ స్టంఫ్ అనే సైకాలజీ ప్రొఫెసర్ నాయకత్వంలో ఒక కమిషన్ పరిశీలించి, ఇందులో మోసం ఏమీ లేదని తేల్చింది. మాస్టారు పక్కన లేకపోయినా, వేరేవాళ్ళు అడిగినా గుర్రం జవాబు చెప్పేది మరి!

తర్వాత స్టంఫ్ శిష్యుడు ఆస్కర్ ఫంగ్‌స్ట్ పని మొదలుపెట్టాడు. ఆయన చేసిందల్లా వేరియబుల్స్‌ని ఒక్కొక్కటిగా మార్చడం. అడిగేవాడికి జవాబు తెలిసినప్పుడు ఒకసారి, తెలియనప్పుడు ఒకసారి. గుర్రానికి మనిషి కనిపించేలా ఒకసారి, కళ్ళకి గంతలు కట్టి ఒకసారి. ఫలితం స్పష్టంగా వచ్చింది. అడిగేవాడికి జవాబు తెలియకపోతే హాన్స్‌కీ తెలియదు. అడిగేవాడు కనిపించకపోయినా తెలియదు.

జరుగుతున్నదేమిటంటే, ప్రశ్న అడిగాక మనిషి డెక్క వైపు చూడటానికి తల కొద్దిగా వంచుతాడు. సరైన అంకె రాగానే తెలియకుండానే తల ఇసుమంత పైకి లేస్తుంది. గుర్రం అది చూసి ఆపేస్తుంది. లెక్కలు రాని గుర్రం మనుషుల్ని మాత్రం చక్కగా చదివింది. నన్ను ఆపి ఆలోచింపజేసింది ఆ తర్వాతి ముక్క. ఈ రహస్యం కనిపెట్టాక కూడా ఫంగ్‌స్ట్ తన తలని కదలకుండా పూర్తిగా ఆపుకోలేకపోయాడు. తెలిసినంత మాత్రాన పక్షపాతం పోదన్నమాట. 1907లో ఆయన ఈ పరిశోధనని పుస్తకంగా వేశాడు.

తెలివైన ఎలుకలు, మొద్దు ఎలుకలు

గుర్రం కాదు, పరిశోధకుడే ఇలా చేస్తే? 1963లో రాబర్ట్ రోజెంతాల్, కెర్మిట్ ఫోడ్ ఒక ప్రయోగం ప్రచురించారు. 12 మంది విద్యార్థులకి తలా ఐదు ఎలుకలు ఇచ్చారు. కొందరితో "ఇవి దారి కనుక్కోవడంలో తెలివైన జాతి" అన్నారు. మిగతావారితో "ఇవి మొద్దు జాతి" అన్నారు. నిజానికి అన్నీ ఒకే రకం ఎలుకలు. ఏ ఎలుక ఎవరికి వెళ్ళిందన్నది లాటరీయే. రోజులు గడిచేకొద్దీ "తెలివైన" ఎలుకలు నిజంగానే మెరుగైన ఫలితాలు చూపించాయి. ఆ విద్యార్థులు తమ ఎలుకలు ముద్దుగా ఉన్నాయని, వాటిని సున్నితంగా పట్టుకున్నామని కూడా చెప్పారు.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మనవాళ్ళు అంటారు. ఇక్కడ అంతకంటే ఒక మెట్టు ఎక్కువే జరిగింది. పచ్చగా చూసిన చూపు, చూసినదాన్ని కూడా కొంచెం పచ్చగా మార్చింది.

స్టాప్‌వాచ్ ఒక మాట, సెన్సర్ ఒక మాట

ఈసీఈ వాళ్ళకి నచ్చే ఉదాహరణ ఇప్పుడు. 1996లో జాన్ బార్గ్ బృందం న్యూయార్క్ యూనివర్సిటీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేసింది. చెల్లాచెదురుగా ఉన్న పదాలతో వాక్యాలు కూర్చమన్నారు. కొందరికి ఇచ్చిన పదాల్లో ముసలితనాన్ని గుర్తుచేసేవి కలిపారు. తర్వాత వాళ్ళు నడవాలో నడిచి వెళ్ళడానికి పట్టిన సమయం స్టాప్‌వాచ్‌తో కొలిస్తే, ఆ పదాలు చూసినవాళ్ళు నెమ్మదిగా నడిచారట. ఇది చాలా పేరు తెచ్చుకుంది.

2012లో బెల్జియంలో స్టెఫాన్ డోయెన్ బృందం దీన్ని మళ్ళీ చేసింది, ఈసారి 120 మందితో, ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లతో. నడకలో తేడా రాలేదు. అక్కడితో ఆగకుండా రెండో ప్రయోగం పెట్టారు. ఈసారి వాళ్ళు మార్చింది ప్రయోగం నిర్వహించేవాళ్ళ నమ్మకాన్ని. పదిమంది నిర్వాహకుల్లో సగం మందికి "ఆ పదాలు చూసినవాళ్ళు నెమ్మదిగా నడుస్తారు" అని, సగం మందికి "వేగంగా నడుస్తారు" అని చెప్పారు. నెమ్మదిగా నడుస్తారని నమ్మిన నిర్వాహకుల దగ్గర మాత్రమే మనుషులు నిజంగా నెమ్మదించారు. అది సెన్సర్‌లోనే కనిపించింది. అంటే నిర్వాహకుడి ప్రవర్తనలో ఏదో వాళ్ళకి అందింది. వేగంగా నడుస్తారని నమ్మినవాళ్ళ స్టాప్‌వాచ్‌లు మాత్రం సెన్సర్ చూపించని వేగాన్ని చూపించాయి. అంటే బొటనవేలు నమ్మకాన్ని బట్టి బటన్ నొక్కింది.

పక్షపాతం రెండు దారుల్లో వచ్చిందని గమనించండి. ఒకటి మన ప్రవర్తన ద్వారా ఎదుటివాడిలోకి, రెండోది మన చేతి ద్వారా కొలతలోకి. సెన్సర్ పెడితే రెండోది ఆగుతుంది. మొదటిది ఆగదు. దానికి మందు డబుల్ బ్లైండ్ ఒక్కటే. ఎవరు ఏ గ్రూపో పాల్గొనేవాడికీ తెలియకూడదు, నిర్వహించేవాడికీ తెలియకూడదు.

ఇదేమీ మనకి కొత్త కాదు. మన ఆన్సర్ బుక్‌లెట్ మీద హాల్ టికెట్ నంబర్ కనపడకుండా చేసి, కోడ్‌తో దిద్దడానికి పంపుతారు కదా. దిద్దే సార్లంతా పక్షపాతం ఉన్నవాళ్ళని ఎవరూ అనట్లేదు. ఆ అనుమానమే అక్కర్లేని ఏర్పాటు అది.

ఫ్రెండ్స్ ఎందుకు "సూపర్" అంటారు?

పాల్గొనేవాళ్ళూ ఊరికే ఉండరు. మార్టిన్ ఓర్న్ అనే సైకాలజిస్టు 1962లో ఒక తమాషా సంగతి రాశాడు. ఎవరైనా విసుగొచ్చి వదిలేసే పని ఒకటి కావాలనుకుని, ఆయన జనానికి 2000 కాగితాల కూడికలు ఇచ్చి, "చేస్తూ ఉండండి, నేను మళ్ళీ వస్తా" అని వెళ్ళిపోయేవాడు. ఐదున్నర గంటల తర్వాత చేతులెత్తేసింది ప్రయోగం చేస్తున్నవాళ్ళే! తర్వాత ప్రతి కాగితం పూర్తిచేశాక దాన్ని 32 ముక్కలుగా చింపేయమన్నారు. అదీ చేశారు. ప్రయోగం అనగానే మనిషి "ఇందులో ఏదో అర్థం ఉంది, నేను సహకరించాలి" అనుకుంటాడు. ప్రయోగం ఏం కోరుతోందో ఊహించుకుని అదే ఇస్తాడు. ఇలాంటి సూచనల్నే డిమాండ్ క్యారెక్టరిస్టిక్స్ అన్నారు.

ఇప్పుడు మన గూగుల్ ఫామ్ చూడండి. "మా యాప్ వాడాక మీ స్ట్రెస్ ఎంత తగ్గింది?" ఇందులో తగ్గిందన్న జవాబు ముందే ఉంది. రాసేది రూమ్మేట్. రాత్రుళ్ళు మనం కోడ్ రాస్తూ పడ్డ పాట్లు చూసినవాడు. పాపం, "ఏమీ తగ్గలేదు" అని ఎలా నొక్కుతాడు? కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, కాకి స్నేహితులకీ ముద్దే.

పాట వింటే వయసు తగ్గింది!

చివరి దొంగ డేటా వచ్చాక వస్తాడు. 2011లో సిమన్స్, నెల్సన్, సిమన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు, కొందరికి బీటిల్స్ వారి "వెన్ ఐయామ్ సిక్స్టీ ఫోర్" పాట, ఇంకొందరికి విండోస్ 7తో ఉచితంగా వచ్చే "కలింబా" ట్యూన్ వినిపించారు. బీటిల్స్ పాట విన్నవాళ్ళ వయసు దాదాపు ఏడాదిన్నర తక్కువని స్టాటిస్టిక్స్‌లో "నిరూపించారు"! అనిపించడం కాదు, పుట్టిన తేదీ ప్రకారం వయసే. అసాధ్యం కదా? అదే వాళ్ళు చెప్పదలచుకున్నది. ఎన్నో అంశాలు కొలిచి పనికొచ్చినవే చెప్పడం, ఫలితం వచ్చేదాకా మనుషుల్ని చేర్చుకుంటూ పోవడం లాంటి మామూలు స్వేచ్ఛలతో ఏదైనా తేల్చొచ్చు.

2015లో ఓపెన్ సైన్స్ కొలాబరేషన్ పేరుతో పరిశోధకులు ప్రచురితమైన 100 సైకాలజీ ప్రయోగాల్ని మళ్ళీ చేశారు. అసలు పేపర్లలో 97 శాతం స్టాటిస్టిక్స్ ప్రకారం నిలబడ్డ ఫలితాలు చూపిస్తే, మళ్ళీ చేసినప్పుడు 36 శాతమే నిలబడ్డాయి. దీన్ని చూసి "సైకాలజీ అంతా ఉత్తదే" అనేవాళ్ళని విన్నాను. నేను ఒప్పుకోను. తన ఇంట్లో చెత్త తనే ఊడ్చి, లెక్క బయటపెట్టింది ఆ శాస్త్రం. ఆ పని మన ప్రాజెక్టు రిపోర్టుల మీద చేస్తే ఎంత శాతం నిలబడతాయో ఒక్కసారి ఊహించుకోండి.

మన ప్రాజెక్టుకి పనికొచ్చేవి

1. ఏం కొలుస్తారో, ఎంతమందిని కొలుస్తారో, ఏ లెక్క వేస్తారో డేటా రాకముందే రాసి, తేదీ వేసి గైడ్‌కి మెయిల్ చేయండి. తర్వాత మార్చకండి.

2. పోలిక గ్రూపు తప్పనిసరి. మీ యాప్‌కి పోటీగా ఖాళీ చేతులు పెట్టకండి. అంతే సేపు వాడే మామూలు టైమర్ యాప్ లాంటిది పెట్టండి.

3. గ్రూపులు చీటీలతోనే. రోల్ నంబర్‌తో కాదు, ఇష్టాలతో కాదు.

4. కోడ్ రాసినవాడు టెస్ట్ నిర్వహించకూడదు. ఎవరు ఏ గ్రూపో తెలియని వేరే బ్రాంచ్ ఫ్రెండ్‌ని కూర్చోబెట్టండి. పేపర్లు దిద్దేటప్పుడు గ్రూపు పేరు కనిపించకూడదు.

5. "ఎంత తగ్గింది" అని కాకుండా "ఈ వారం ఎలా ఉంది" అని రెండు గ్రూపులనీ ఒకేలా అడగండి. పేర్లు అడగకండి.

6. ఫలితం రాకపోతే రాలేదని రాయండి. మార్కులు తగ్గుతాయన్న భయం నాకూ తెలుసు. అయినా రాయండి.

ఆరోది ఎందుకంటే, ఆ చివరి స్లైడ్ రివ్యూతో చచ్చిపోదు. ఆ యాప్ ప్లే స్టోర్‌లోకి వెళ్తుంది. బ్యాక్‌లాగ్స్‌తో నిద్ర పట్టని జూనియర్ ఒకడు "స్ట్రెస్ తగ్గిస్తుందని నిరూపించాం" అన్న మాట నమ్మి, కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాల్సినవాడు దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని కూర్చుంటాడు. తగ్గకపోతే తప్పు తనలోనే ఉందనుకుంటాడు.

మనం చెడ్డవాళ్ళం కాబట్టి ఈ జాగ్రత్తలు కావు. ఫాన్ ఓస్టెన్ మాస్టారు మోసగాడు కాదు, ఎలుకల్ని పట్టుకున్న విద్యార్థులు మోసగాళ్ళు కాదు, స్టాప్‌వాచ్ నొక్కినవాళ్ళూ కాదు. అందరూ మంచివాళ్ళే. అయినా కొలత పక్కకి ఒరిగింది. కాబట్టి ప్రయోగం మొదలుపెట్టే ముందు "నేను నిజాయితీగా ఉంటానా?" అని అడుక్కోవడం చాలదు. "నా నిజాయితీ మీద ఆధారపడకుండా ఇది నడుస్తుందా?" అని అడగండి. నడుస్తుందంటేనే చీటీలు తీయండి.